నెర్రలో పదమూడు పుల్లలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా భూములు కొలిచినవాణ్ణి. శ్మశానాలు కొలిచాను, పాడుబడ్డ బావుల చుట్టూ కొలిచాను, ఎక్కడా ఏమీ కనపడలేదు. ఇప్పుడు 1962 నాటి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఆ పేజీలో లేనిదేదీ ఆనాటి సంగతిలో కలపడం లేదు.

అప్పుడు మేం నందిగామలో ఉండేవాళ్లం. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, దేవదానం. ఒక ఆసామి దగ్గర జీపు డ్రైవరు. ఆ వేసవిలో అతని పెళ్లి. చర్చిలో పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు, మూడోది మిగిలింది. శుభలేఖలు పంచుకు రమ్మని ఆసామి జీపు ఇచ్చాడు. నేనూ తోడు బయల్దేరాను.

మా ఆవిడ గడప దాకా వచ్చింది. "వాడు కుదురుగా ఉండడు. తీసుకెళ్లినవాణ్ణి తీసుకెళ్లినట్టు తీసుకురండి" అంది.

జగ్గయ్యపేటలో శుభలేఖలు ఇవ్వడం పదింటికల్లా అయిపోయింది. నెర్ర చూసొద్దామన్నాడు దేవదానం.

ఊరు దాటాక చాలా దూరం నాపరాతి బీడు. చెట్టు లేదు, నీడ లేదు. ఆ బీడు మధ్య నేల చీలినట్టు ఒక లోయ. వానాకాలంలో నాలుగు రోజులు నీళ్లు పారతాయి, మిగతా ఏడాదంతా ఎండే. గొర్రెల కాపరులు దాన్ని నెర్ర అంటారు. రెండు పక్కలా రాతి పలకలు దొంతర్లుగా తాటిచెట్టంత ఎత్తు లేచి ఉన్నాయి. గంటసేపు తిరిగాం, నీడ పట్టున పెరుగన్నం తిన్నాం. ఒక్క పిట్ట కూడా కనపడలేదని డైరీలో రాసుకున్నాను.

నెర్ర మైలు పొడుగుంటుందని అతను, సగం కూడా ఉండదని నేను.

"అయితే కొలువు సర్వేయరుగారూ. జనం గట్లు కొలవడమేనా, ఇలాంటివి చేతకావా?" అన్నాడు.

సోమవారం ఆ పక్కనే నాకు పని ఉంది కాబట్టి కొలత గొలుసు, అదే చైను, పది ఇనప పుల్లలు జీపులోనే ఉన్నాయి. పని తీరు చెబుతాను. ముందు నడిచేవాడు పుల్లలు పట్టుకుని చైను లాక్కెళతాడు. చైను బిగిసిన చోట ఒక పుల్ల గుచ్చి కేక వేస్తాడు. రెండో కొస పట్టుకున్న వెనకవాడు ఆ పుల్ల దాకా వచ్చి దాన్ని పీకి తన దగ్గర పెట్టుకుంటాడు. వెనకవాడి చేతిలో ఎన్ని పుల్లలుంటే అన్ని చైన్ల దూరం. పది కాగానే ఆగి, పుల్లలన్నీ ముందువాడికి ఇచ్చేయాలి.

దేవదానం ముందు, నేను వెనక.

ఏడో పుల్ల దగ్గర లోయ వంపు తిరిగింది. అక్కణ్ణుంచి అతను కనపడలేదు, గొంతు మాత్రం వినపడింది. "పెట్టా బావా, రా." ఎనిమిది పీకాను. "పెట్టా బావా, రా." తొమ్మిది, పది పీకాను. అంటే ఇక అతని చేయి ఖాళీ. ఆగమని అరిచాను. చైను ఆగలేదు. నా చేతిలోని కొసను లాక్కుంటూనే పోయింది.

ఇంకో వంపు తిరిగాను. ఎదురుగా పదకొండో పుల్ల గుచ్చి ఉంది.

చేతిలోవి లెక్కపెట్టాను. పది. మళ్లీ లెక్కపెట్టాను. పదే.

అప్పుడు వెనక నుంచి దేవదానం పిలిచాడు.

చైను వదిలేసి వెనక్కి పరుగెత్తాను. ఏడో పుల్ల గుచ్చిన చోట, రాతి సందు నీడలో కూర్చుని కాల్లో ముల్లు తీసుకుంటున్నాడు. "ముల్లు దిగితే కూర్చున్నా బావా. నా ముందు నుంచే పోయావు. పిలిస్తే పలకవేం?" అన్నాడు. అతని చేతిలో ఇంకా మూడు పుల్లలున్నాయి.

లోయ లోపలి నుంచి మళ్లీ వచ్చింది కేక. "పెట్టా బావా, రా."

దేవదానం నవ్వాడు. "ఎవడు బావా అది? నాకంటే బాగా పని చేస్తున్నాడే."

తన గొంతు అతను గుర్తుపట్టలేదు. నేను పట్టాను.

"ఎవరో గొర్రెల కాపరిలే" అని, చేయి పట్టుకుని జీపు దాకా లాక్కొచ్చాను. చివరి కేకల్లో 'పెట్టా' అన్న మాట లేదు. "బావా, రా" అని మాత్రమే. జీపు కదిలేదాకా పిలుస్తూనే ఉంది.

సోమవారం ఇద్దరు మనుషులతో వెళ్లాను. లోయ మూసుకుపోయే చోట, చైను ముందు కొస రాతి గోడకు ఆనించి, తిన్నగా పరిచి ఉంది. పదకొండో పుల్ల లేదు. మొదటి రోజు మేమిద్దరం ఇంటికి తెచ్చినవి మాత్రం పదమూడు. పది ఆఫీసులో అప్పగించాను. మూడు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి.

మూడో ప్రకటన చదివారు, పెళ్లి జరిగింది. దేవదానం బాగానే కాపురం చేశాడు. మా ఆవిడకు నేను ఏమీ చెప్పలేదు. తీసుకెళ్లినవాణ్ణే తీసుకొచ్చాననే అనుకున్నాను.

ఆరేళ్ల తరవాత క్రిస్మస్‌కు చర్చికి ఎవరో టేపు రికార్డరు తెచ్చారు. తలా ఒక మాట చెప్పించి, తిరిగి వినిపించారు. అందరూ తమ గొంతులకు తామే నవ్వుకుంటున్నారు. దేవదానం గొంతు వచ్చింది. అతను నవ్వలేదు. తల తిప్పి నా వైపు చూసి, లేచి బయటికి వెళ్లాడు. వెనకే వెళ్లాను.

గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అన్నాడు, "గొర్రెల కాపరన్నావు బావా."

లోపలికి పోదాం రమ్మని చేయి పట్టుకున్నాను, విడిపించుకున్నాడు.

"నన్ను తీసుకొచ్చావు సరే. మరి అక్కడ పిలిచిందెవరు?"