అత్తగారు వరుసలో కూర్చున్న రోజు

మా అత్తగారు పోయారన్న కబురు బంధువులకి మేము చెప్పేలోపే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటేసింది. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్ళిపోయారావిడ. మా ఆయన నరసాపురంలో ఉన్న మేనత్తగారికి ఫోను చేస్తే, ఆవిడే అటునుంచి ఏడుస్తూ, "రేవులో పంటు దిగినవాళ్ళు చెప్పేర్రా, నిజమేనా?" అని అడిగారు. ఈ సంగతి మా అత్తగారు వింటే పకపకా నవ్వేవారు. "చూశారా, మీకన్నా నా పేషెంట్లే చురుకు" అనేవారు.

ఆవిడ డాక్టరు. రాజోలు పక్కన మా ఊళ్ళోనూ, చుట్టుపట్ల ఊళ్ళలోనూ మూడు తరాలవాళ్ళకి ఆవిడే దిక్కు. పసిపిల్లల దగ్గు, తాతల మోకాళ్ళు, కొబ్బరి దింపులో చెట్టు మీంచి జారినవాళ్ళ నడుములు, షుగరు, బీపీ, అత్తాకోడళ్ళ అలకలు, అన్నీ ఆ ఒక్క గదిలోకే వచ్చేవి. సోమవారమైతే హాలు నిండి, అరుగు నిండి, జనం రోడ్డు మీదికి వచ్చేవారు.

ఎవరొచ్చినా ఆవిడ ముందు రోగం అడిగేవారు కాదు. "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అనేవారు. సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుందని ఆవిడ నమ్మకం. అయితే జనం పెరిగేకొద్దీ ఆ ప్రశ్న చిన్నదైపోయింది. ఒకనాడు ఒక పెద్దావిడ మందుల చీటీ తీసుకుని బయటికి వస్తూ, పక్కావిడతో, "ఇవాళ అమ్మగారు మా ఇంటి సంగతి అడగలేదే" అంది. తలుపు తెరిచే ఉంది. ఆ మాట లోపలికి వినబడింది. ఆ రాత్రి మా అత్తగారు భోజనం దగ్గర, "తీరిక కూడా మందేరా. అది నా దగ్గర అయిపోయింది. ఇంకో డాక్టరు కావాలి" అన్నారట కొడుకుతో.

ఇంకో డాక్టరు కోసం ఆవిడ ఎంచుకున్న దారి మా పెళ్ళిచూపులు.

నేనప్పుడు కాకినాడలో ఫ్యామిలీ మెడిసిన్ చదువు ముగించి, ఒక పెద్ద ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మా అమ్మ చేసిన గారెలు తింటూ ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మొదటిసారి బీపీతో వచ్చిన మనిషికి ఎంతసేపు కేటాయిస్తావమ్మా?" అని. నేను తడబడి, "ఆయన మాట్లాడడం ముగించేవరకూ అండీ" అన్నాను. ఆవిడ గారె పక్కన పెట్టి మా నాన్న వైపు తిరిగారు. "మాకు అమ్మాయి నచ్చిందండి. మావాడు తనకి నచ్చకపోయినా పర్వాలేదు, ఉద్యోగానికి మాత్రం పంపించండి." మావాడు, అంటే ఇప్పటి మా ఆయన, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ పూట ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదని ఇప్పటికీ దెప్పుతుంటారు.

పెళ్ళయ్యాక ఆవిడ గది పక్కనే నాకు గది కట్టించారు. లేత నీలం సున్నం, కొత్త బల్ల, గుమ్మానికి మామిడాకులు. అన్నీ ఉన్నాయి, పేషెంట్లు తప్ప.

"ఇటు రండి, ఇక్కడ ఖాళీగానే ఉంది" అని నేనే గుమ్మంలోకి వచ్చి పిలిచేదాన్ని. "ఆయ్, వస్తామండి" అనేవారు ఎంతో మర్యాదగా. కదిలేవారు కాదు. ఒకాయన మరీ మొహమాటపడి, "మీరు బాగానే చూస్తారండి చిన్నమ్మగారూ. కానీ మా ఒంటి సంగతి పెద్దమ్మగారికే తెలుసండి" అన్నాడు. మా అత్తగారు వాళ్ళని బతిమాలి, గదమాయించి నా దగ్గరికి పంపేవారు. వాళ్ళు సరేనని లేచి, ఆవిడ వరుసలోనే చివరికి వెళ్ళి కూర్చునేవారు.

అలా నెలలు గడిచాయి. ఒక గోడకి అటు ఆవిడ ఊపిరి సలపకుండా పేషెంట్లని చూస్తున్నారు, ఇటు నేను పుస్తకాలు చదువుకుంటున్నాను. కాకినాడ ఆస్పత్రివాళ్ళు మళ్ళీ రమ్మని ఫోను చేశారు. నేను కాదనలేదు, ఆలోచించి చెప్తానన్నాను. ఆ సంగతి మా అత్తగారికి చెప్తే, "వెళ్ళమ్మా, నిన్ను ఖాళీగా కూర్చోబెట్టడం నాకూ కష్టంగానే ఉంది" అని, మళ్ళీ తనే, "వచ్చే సోమవారం దాకా ఉండు" అన్నారు.

ఆ సోమవారం హాలు కిటకిటలాడుతోంది. ఆవిడ శాలువా కప్పుకుని వచ్చి, తన గదిలోకి వెళ్ళకుండా, సిస్టరు దగ్గర టోకెను తీసుకుని, నా గది ముందు ఖాళీ బెంచీ మీద కూర్చున్నారు.

కొబ్బరి వర్తకం చేసే పెద్దాయన ఒకాయన లేచి, "అదేంటండీ అమ్మగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు.

"దగ్గండి. డాక్టరుగారికి చూపించుకుందామని."

"డాక్టరు మీరే కదండీ!"

"నా వీపు మీద గొట్టం పెట్టుకుని నేనే వినగలనేంటండీ? చేతులు అందొద్దూ?"

హాలు గొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు. పేరు పిలిచాను. ఆవిడ బుద్ధిగా వచ్చి, తలుపు తీసే ఉంచి, స్టూలు మీద కూర్చున్నారు. నాటకం ఆడుతున్నారని నాకు తెలుసు, కాబట్టి నేనూ అందుకున్నాను. "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారండీ?" అన్నాను. "కోడలు వెళ్ళిపోతానంటోందండి, దిగులుగా ఉంది" అన్నారు, బయటికి వినబడేలా.

ఊపిరితిత్తులు విన్నాను. దగ్గు లేదు, గిగ్గు లేదు. పద్ధతి ప్రకారం బీపీ చూశాను. చూసి, మళ్ళీ చూశాను. రెండో చేతికి కూడా చూశాను. నా మొహంలో నవ్వు పోయింది.

"అత్తయ్యగారూ, మీ బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారు?"

ఆవిడ నా మొహం చూసి, నాటకం మానేశారు. "ఊరందరికీ చూశానమ్మా," అన్నారు మెల్లగా. "నాకు కుదరలేదు."

ఆవిడకి బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆ రోజే పరీక్షలు చేయించాను, మందులు మొదలుపెట్టాను. మధ్యాహ్నం తర్వాత పేషెంట్లని చూడకూడదని కచ్చితంగా చెప్పాను. "ఆవకాయ కూడా తగ్గించాలి" అంటే, "అది తప్ప ఏదైనా చెప్పండి డాక్టరుగారూ, కావాలంటే ఇంకో మాత్ర వేసుకుంటాను" అని బేరమాడారు. బేరం కుదరలేదు.

ఆవిడ బయటికి వెళ్ళి హాల్లో నిలబడి, "మా డాక్టరుగారు నన్ను రెస్టు తీసుకోమన్నారు. మాట వినకపోతే ఊరుకునే మనిషి కాదు. నేను పడుకోవడానికి పోతున్నాను" అని నిజంగానే ఇంట్లోకి వెళ్ళిపోయారు. కొబ్బరి వర్తకుడాయన కాసేపు అటూ ఇటూ చూసి, నా గుమ్మంలోకి వచ్చి, "పెద్దమ్మగారికి డాక్టరైతే మాకూ డాక్టరేనండి, ఆయ్" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన వెనకే వరుస కదిలింది. సాయంత్రం కాకినాడకి నేనే ఫోను చేసి, రానని చెప్పాను.

మధ్యాహ్నాలు చేతికొచ్చాక ఆవిడకి ఆలోచించే తీరిక దొరికింది. షుగరువాళ్ళు, బీపీవాళ్ళు అందరూ సోమవారమే ఎందుకు రావాలని, ఊరికో రోజు చెప్పారు. మందు మార్చనక్కర్లేనివాళ్ళని సిస్టరే చూసి, తేడా ఉంటేనే మా దగ్గరికి పంపేలా ఆమెకి దగ్గరుండి నేర్పించారు. అప్పటికీ జనం పెరుగుతుంటే, "నేను పోయాక వెతుక్కోవడం కాదమ్మా, నేనుండగానే వెతకాలి" అని మూడో డాక్టరు కోసం బయల్దేరారు. అమలాపురం దగ్గర ఒక చర్చి స్కూలు టీచరుగారి అమ్మాయి కొత్తగా డాక్టరయిందని విని, స్వయంగా వాళ్ళింటికి వెళ్ళారు. ఆ టీచరుగారు కంగారుగా, "మా అమ్మాయినే ఎంచుకున్నారేంటండీ?" అని అడిగితే, "అమ్మాయి మంచిదని విన్నానండి. నాకు ఇంకో కొడుకు లేడు, అందుకని ఈసారి జీతమిచ్చే పెట్టుకోవాలి" అన్నారు. ఇల్లంతా నవ్వులే. ఆ అమ్మాయి మరుసటి నెలలోనే చేరింది. ఇప్పుడు మా పిల్లలు తనని పిన్నీ అనే పిలుస్తారు.

చివరి సంవత్సరాల్లో ఆవిడ ఎవరికీ మందు రాయలేదు. హాల్లో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళతో తీరిగ్గా కబుర్లు చెప్పేవారు. ఎవరింట్లో మనవడు పుట్టాడు, ఎవరి కూతురికి ఉద్యోగం వచ్చింది, ఎవరు దిగులుగా ఉన్నారు, ఆ సంగతులన్నీ పేషెంటు కన్నా ముందే మా గదుల్లోకి వచ్చేవి. "నేనిప్పుడు అసలైన డాక్టర్నయ్యానమ్మా" అనేవారు నాతో. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం ఎంత వెలిగేదో నేను రాయలేను.

తను పోయిన రోజు ఆస్పత్రి మూయొద్దని ఎప్పుడో చెప్పి ఉంచారు. "దగ్గు ఆగదు కదమ్మా" అనేవారు. అందుకే ఆ రోజు మేము ఇంటి పనుల్లో ఉంటే, సిస్టరూ, మా మూడో డాక్టరమ్మా కళ్ళు తుడుచుకుంటూనే అందర్నీ చూశారు.

కర్మకాండ అయిన మర్నాడు నేను కాస్త ఆలస్యంగా ఆస్పత్రికి వెళ్ళాను. వాన పట్టేలా ఉంది. లోపల ఎవరిదో పసిపిల్ల కేరింతలు కొడుతోంది. బయట అరుగు ముందు చెప్పులు బారుగా ఉన్నాయి. రబ్బరు చెప్పులు, బురద చెప్పులు, పండక్కి కొన్నట్టున్న చిన్నపిల్లల మెరుపు చెప్పులు. తొలి చినుకులు పడగానే ఒక ముసలాయన అరుగు మీంచి లేచి, అవి ఎవరివని చూడకుండా, జతకి జత చెదరకుండా, ఒక్కొక్కటే చూరు కిందికి జరపసాగాడు.