పొద్దు పాటలో ఆఖరి పేరు

“పాట పాడితే గోడ ఆగిద్దా పెద్దమ్మా? తప్పుకో, తలుపు పగలగొడతా.”

“పగలగొట్టరా శ్రీనూ. ఇల్లంతా ఆ ద్వారబంధం ఆసరాతోనే నిలబడుంది. ఒక్క గునపం పోటు పొడువు, మీ వదిన నెత్తినే పడిద్ది.”

“పైన మబ్బు చూశావా? చీకటి పడేలోపు దిగిద్దంట. నువ్వు రాగం తీసేలోపు ఇల్లు కూలిద్ది.”

“రాగం తీయనురా. అంత ఊపిరి దండగ చేసే రకం కాదు నేను.”

ఇది నిరుడు భాద్రపదం మాట. మాది గురజాల పక్కన వాగొడ్డు ఊరు. చదివింది మూడో తరగతి. ముప్పై ఏళ్ళుగా నాట్ల ముఠాకు మేస్త్రిని. పన్నెండు మంది ఆడవాళ్ళం వరి నాట్లు వేస్తాం, మిరపకాయలు కోస్తాం. పక్కపక్కన నిలబడి పని చేసుకుంటూ పోయే వరసను మునుం అంటాం. మునుం కదలాలంటే పాట ఉండాలి. నేను ఎత్తుకుంటాను, మిగతావాళ్ళు వంత పాడతారు. వంతలో అందరికంటే ముందు లేచే గొంతు అంకమ్మది.

వాగు పొంగిన రోజున అంకమ్మ భర్త వెంకటేశ్వర్లు గేదె పలుపు విప్పబోయి నీళ్ళలో కొట్టుకుపోయాడు. నాలుగు రోజులు వెతికినా దొరకలేదు. ఇళ్ళు నానిపోయినవాళ్ళమంతా బళ్ళో పెట్టిన రిలీఫ్ క్యాంపుకు చేరాం. అంకమ్మ రాలేదు. వెనక గోడ నెర్రెలిచ్చిన ఇంట్లో లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. “వస్తే ఆయన ఇక్కడికే వస్తాడు” అని మొదటిరోజు ఒక మాట అంది. తర్వాత ఆ మాట కూడా లేదు.

క్యాంపులో ఆడవాళ్ళు మొదట్లో రాళ్ళలా కూర్చున్నారు. తడిసిన బియ్యం చేటల్లో పోసి ముందు పెట్టి, ఏరుతూ పాడమని గదిమాను. రెండో రోజుకు గొంతులు పెగిలాయి, మూడో రోజుకు అన్నం అడిగారు. ఆ ధీమాతోనే ముఠాను వెంటబెట్టుకుని, యూరియా గోతం మడిచి నెత్తిన వేసుకుని, అంకమ్మ ఇంటిముందు నాట్ల పాట ఎత్తుకున్నాను. హుషారైన పాట. లోపలినుంచి కిటికీలోగుండా చెంబు విసురుగా వచ్చి బురదలో పడింది.

“మనిషి పోయిన ఇంటిముందు నాట్ల పాటేంది? నీకు మతుందా పెద్దమ్మా?” అన్నాడు శ్రీను. అంకమ్మ మరిది అతను.

తప్పు నాదే. చెంబు తీసి తుడిచాను. సొట్ట పడింది గానీ పనికొస్తుంది. కొంగులో కట్టుకున్నాను.

అప్పుడు పొద్దు పాట గుర్తొచ్చింది. ఒకప్పుడు మిరపచేలో ఎండదెబ్బకు పడిపోయిన పిల్లను చూసుకోకుండా ఇంటికొచ్చేశాం. మళ్ళీ పరిగెత్తి పోయేసరికి కొన ఊపిరితో ఉంది. ఆనాటినుంచి ముఠాలో ఒక కట్టడి పెట్టాను. పొద్దువాలగానే ఒక్కొక్కరి పేరు పాటలో పిలుస్తాను. పేరు విన్నది పలికి గట్టెక్కాలి. ఎవరైనా పనికి రాకపోతే, ఆ మనిషి సంగతి తెలిసినవాళ్ళు జవాబు చెప్పాలి. ఆఖరి పేరు పలికేదాకా ఎవరూ ఇంటిదారి పట్టకూడదు.

“పొద్దు వాలిందే, పని చాలిందే, సుబ్బమ్మా...”

“వస్తన్నా.”

“మరియమ్మా...”

“వస్తన్నా.”

పది పేర్లూ అయ్యాయి. పదకొండోది అంకమ్మ. జవాబు లేదు. చినుకులు మొదలయ్యాయి. మళ్ళీ పిలిచాను. వెనక గోడనుంచి మట్టిపెళ్ళ జారిన చప్పుడైంది.

“మీరన్నా పొండి తల్లీ, మీమీద కూడా పడిద్ది!” అని అరిచాడు శ్రీను.

“ఆఖరి పేరు పలక్కుండా ఎట్టా పోతాం అన్నా?” అంది సుబ్బమ్మ, మోకాటిలోతు బురదలోనుంచి.

మూడోసారి పిలిచాను. లోపల్నుంచి బొంగురు గొంతు.

“అత్తా, ఆయన పేరు పిలవలేదేంది?”

పొద్దు పాటలో ఎన్నడూ మగవాడి పేరు రాలేదు. పిలిస్తే పలికేదెవరు? పిలవకపోతే ఇది బయటికొస్తుందా? శ్రీను వైపు చూశాను. అతను గునపం కిందపెట్టాడు.

“పొద్దు వాలిందే, పని చాలిందే, వెంకటేశ్వర్లూ...”

శ్రీను జవాబు చెప్పబోయాడు. చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను. ఆ జవాబు చెప్పాల్సింది అతను కాదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

“ఆయన ఇంకా రాలేదత్తా.”

“అంకమ్మా...” అని పిలిచాను.

“వస్తన్నా.”

గడియ తీసిన చప్పుడైంది.

పాట ఎత్తుకోవడమే మేస్త్రి పని అని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. జవాబు వచ్చేదాకా నోరుమూసుకుని నిలబడటం కూడా ఆ పనిలో భాగమేనని ఆ సాయంత్రం తెలిసింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. రాత్రి మాతో బళ్ళో పడుకున్న అంకమ్మతో వాళ్ళింటికి వెళ్ళి చూశాను. వెనక గోడ మంచం మీద కూలి ఉంది. ముందు గోడ, తలుపు మిగిలాయి. కొంగులోని చెంబు తీసి ఇచ్చాను. అంకమ్మ తన కొంగుముడి విప్పి, బళ్ళోంచి తెచ్చుకున్న సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

“రాయత్తా.”

చూరు కింద తడవని తలుపు మీద, నా మూడో తరగతి అక్షరాలతో రాశాను: అంకమ్మ బళ్ళో ఉంది.