అణువిద్యుత్ కొలువుకు వాడకట్టు సాక్ష్యం

మా తమ్ముడి కోసం సిరిసిల్లలో పోలీసులు వచ్చి వెళ్లారన్న వార్తను, కోరుట్లలో ఉన్న నాకు మొదట చేరవేసింది గాజులామె. ఆమెది సిరిసిల్లలో మా పుట్టింటి వాడకట్టే. గాజుల మలారం భుజాన వేసుకుని సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల తిరిగేది. పెళ్లయి కోరుట్లకు వచ్చాక పుట్టింటి సంగతులన్నీ నాకు ఆమె నోటి నుంచే తెలిసేవి. ఆ రోజు అరుగు మీద కూర్చుంది గానీ మలారం విప్పలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బిడ్డా, మీ తమ్ముని కోసం పోలీసాయన అచ్చిండు. ఇల్లిల్లు తిరిగి అడిగిండు. నువ్వేం రంది పెట్టుకోకు. ఒక్కలు గూడ నోరు జారలే. అసొంటి పోరడు మా వాడకట్టుల లేనే లేడని అందరం ఒక్కతీరుగ చెప్పినం."

"నువ్వు గూడనా?"

"నేను ఊకుంటనా? గా పేరు గిప్పుడే ఇంటున్నంటి."

పెద్ద గండం తప్పించానన్న సంతోషం ఆమె ముఖం నిండా ఉంది. కానీ ఆ పోలీసు ఎందుకు వచ్చాడో నాకు తెలుసు.

మా తమ్ముడు వరంగల్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసి, అణువిద్యుత్ కేంద్రాల్లో పనిచేసే ఇంజనీర్లకు ఇచ్చే శిక్షణకు ఎంపికై బొంబాయి వెళ్లాడు. అక్కడ చదువు మొదలైంది గానీ ఉద్యోగం ఖాయం కాలేదు. అలాంటి చోటికి ఎవరిని పడితే వారిని రానివ్వరు. పుట్టి పెరిగిన ఊరికి పోలీసులు వచ్చి, ఫలానా ఇంటి కొడుకేనా, ఎలాంటివాడు అని ఇరుగుపొరుగును అడిగి, సరేనని రాసి పంపాలి. ఆ మాట రాకపోతే ఇంటికి పంపేస్తారు. ఈ సంగతి తమ్ముడు నాకూ, మేము అవ్వ అని పిలిచే మా అమ్మకూ చెప్పే వెళ్లాడు. అవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు. కొలువు చేతికి రాకముందే నలుగురికీ చెబితే దిష్టి తగులుతుందని ఆమె భయం. వాడు ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే "పని మీద పోయిండు" అని ఊరుకుంది.

అవి అన్నల, అంటే నక్సలైట్ల కాలం. జగిత్యాల, సిరిసిల్ల అని ఊరి పేరు చెబితేనే బయటి జిల్లాల వాళ్లు మనిషిని ఒకసారి తేరిపార చూసేవారు. చదువుకున్న కుర్రవాడి కోసం పోలీసు గల్లీలోకి వచ్చాడంటే మా వైపు దానికి ఒకటే అర్థం. లేడు అనడం, తెలియదు అనడం, ఇంటికొచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఇచ్చినంత సహజంగా అలవాటైపోయిన మర్యాద. పొరుగింటి పిల్లవాడిని కాపాడుకునే దారి వాళ్లకు అదొక్కటే తెలుసు. ఆ ప్రేమతోనే మావాళ్లు తమ్ముడిని వాడకట్టులో లేకుండా చేశారు. సొంత ఊళ్లోనే ఎవరూ ఎరగని మనిషి, ఎక్కడికి పోయాడో తెలియని మనిషి అని కాగితం మీదికెక్కితే, పోలీసులు దాన్ని ఎలా చదువుతారో ఊహించడం కష్టం కాదు.

నేను బడికి పోలేదు. అక్షరాలు మా బాపు బతికున్న రోజుల్లో ఇంట్లోనే నేర్పాడు. పొద్దున మగ్గం ఎక్కేముందు నాతో ఒక పద్యం చదివించి దేవుడికి దండం పెట్టించేవాడు. ఆ తర్వాతి చదువంతా తమ్ముడి పుణ్యం. వాడు బడిలో విన్నది ఇంటికొచ్చి నాకు చెప్పకుండా అన్నానికి కూర్చునేవాడు కాదు. బొంబాయి వెళ్లేముందు కోరుట్లకు వచ్చినప్పుడు కూడా పొయ్యి పక్కన పీట వేసుకుని, తాను చదవబోయేది ఏమిటో చెప్పాడు.

"అక్కా, రియాక్టర్ల మంట ఉండది, పొగ ఉండది. యురేనియం పరమాణువు పగిల్తె వేడి పుడ్తది. గా వేడికి నీళ్లు ఆవిరైతయి. ఆవిరి చక్రాన్ని తిప్పుతది, కరెంటు అస్తది."

"గంతేనా? మరి గింత చదువెందుకురా?"

"పుట్టిచ్చుడు కాదక్కా, చల్లార్చుడు పెద్ద పని. నువ్వు పొయ్యిలకెల్లి కట్టె గుంజి నీళ్లు చల్లితె అయిపాయె. గిది బంద్ చేసినంక గూడ లోపట వేడి పుడ్తనే ఉంటది. రోజుల తరబడి నీళ్లు పారిచ్చుకుంట కాపలుండాలె. ఇంటర్వ్యూల గూడ గదే అడిగిండ్రు. బంద్ చేసినవు, తర్వాత ఏం జేస్తవని."

"నువ్వేమన్నవు?"

"ఇంటికి పోనన్న. నవ్విండ్రు."

మా అత్త వంటింటి గుమ్మంలోంచి అంతా విని, "అణువంటె బాంబే గద కొడుకా? బాంబులు చేసే చదువా?" అంది.

"అత్తా, నీ కాల్మొక్త, గా మాట బస్సుల అనకు. నన్ను జగిత్యాల దాటనియ్యరు."

అందరం నవ్వుకున్నాం. తర్వాత వాడు అత్తను కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. బాంబులో అంతా ఒక్క క్షణంలో పగులుతుంది. వీళ్ల పని అలా కాకుండా చూడడం, ఎంత కావాలో అంతే పగలనివ్వడం. అందుకోసం లోపలికీ పైకీ జరిపే కడ్డీలుంటాయి, భారజలమనే ప్రత్యేకమైన నీళ్లుంటాయి. అది ఒక్క చదువు కాదట. లోహాల సంగతి, నీళ్ల సంగతి, వేడి సంగతి, కంటికి కనపడని కిరణాలు మనిషి ఒంటికి చేసే హాని సంగతి, అన్నీ వచ్చి ఒకచోట కలిసే చదువట. పెద్ద తెలివికన్నా తొందరపడని స్వభావం ఎక్కువ కావాలట. మా సిరిసిల్లలో కరెంటు పోతే మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆగి వాడంతా మూగబోయేది. ఆ చప్పుడు మళ్లీ మొదలవడం కోసం ఎక్కడో ఎవరో ఇంత నిష్ఠగా కనిపెట్టుకుని ఉంటారని నాకు అంతకుముందు తెలియదు. ఆ పనిలోకి మా ఇంటి నుంచి ఒకడిని తీసుకుంటున్నందుకు దేవుడికి మొక్కుకున్నాను.

ఇప్పుడు ఆ పనే చేజారబోతోంది.

మా ఆయనా నేనూ మరునాడే బయలుదేరాం. జగిత్యాల బస్టాండులో బస్సు మారుతుంటే పోలీసులు సంచులు విప్పించి చూశారు. కొండగట్టు దిగువన బస్సు ఆగినప్పుడు కిటికీలోంచే ఆంజనేయుడికి దండం పెట్టాను. ఏమి అడగాలో తోచలేదు. వాడిని ఇంతదాకా చదివించినందుకు కృతజ్ఞత చెప్పుకున్నాను, అంతే.

సిరిసిల్ల చేరేసరికి అవ్వ కళ్లు వాచిపోయి ఉన్నాయి. "దిష్టి తాకుతదని నోరు మూస్కున్ననే బిడ్డా. ఆయన అచ్చిననాడు నేను ఇంట్ల గూడ లేకపోతి," అని నా చేయి పట్టుకుంది. సంగతి చెప్పేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా మా వాకిట్లో పోగయ్యారు.

"అయ్యో, కొలువు కోసం అచ్చిండా! మరి గా ముక్క ఆయన చెప్పొద్దా?"

"చెప్పిండే. మంచి కొలువు అస్తది, నిజం చెప్పుండ్రన్నడు. నవ్వుకుంట చెప్పిండు. పోలీసోడు నవ్వుకుంట అడిగితె నమ్ముతమా?"

అందరి చూపూ మెల్లగా ఎదురింటి పెద్దవ్వ వైపు తిరిగింది. మా ఇంటికి ఎదురుగా ఉండే ఆమెను నేను పుట్టినప్పటి నుంచీ పెద్దవ్వ అనే పిలుస్తాను. పోలీసు మొదట ఆగింది ఆమె గుమ్మం ముందే. లేడని మొదట అన్నది ఆమే. ఆమె ఏది చెబితే అదే చెప్పాలని మిగతా ఇళ్లవాళ్లు అనుకున్నారు.

పెద్దవ్వ చిన్నకొడుకూ మా తమ్ముడూ ఒకే బడిలో చదివారు. ఒకరింట్లో అన్నం తిని ఇంకొకరింట్లో నిద్రపోయేవారు. ఆ పిల్లవాడిని ఒకనాడు ఇంటి నుంచే పోలీసులు తీసుకుపోయారు. కొన్నాళ్లకు అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని కబురు వచ్చింది. ఆ తర్వాత ఆమె పోలీసు స్టేషను ఉన్న బజారు మీదుగా నడవడమే మానేసింది. ఏ పనికైనా చుట్టూ తిరిగి పోయేది.

"నేనే అస్త," అంది పెద్దవ్వ. "స్టేషన్‌కు నేనే అచ్చి చెప్త."

మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు. "ఆమె కొడుకు పేరు వాళ్ల దగ్గరున్నది. ఆమె సాక్ష్యం చెప్తె మనోనికే మచ్చ అయితదేమో," అన్నాడు. ఎంత మెల్లగా అన్నా పెద్దవ్వకు వినిపించింది.

"అల్లుడన్నది నిజమే," అంది ఆమె. "గాని మొదలు లేడన్నది నేను. నేను మారుస్తెనే మిగితోళ్లు మారుస్తరు. లేకుంటె మీరు పోయి సొంత కొడుకని, సొంత తమ్ముడని చెప్పుకుంటరు. గది ఎవరు ఇంటరు?"

అవ్వ లేచి ఆమె చేయి పట్టుకుంది. "నువ్వు ముందల నడువక్కా."

స్టేషన్ మెట్ల దగ్గర పెద్దవ్వ ఆగింది. కొంగు బిగించి నోట్లో ఏదో అనుకుంది. దేవుడిని తలచుకుందో, కొడుకునే తలచుకుందో నేను అడగలేదు. లోపల ఎస్సై చిన్న వయసువాడు, కోస్తా వైపు మనిషి. అవ్వ విషయం చెప్పింది. ఆయన పెద్దవ్వ వైపు చూశాడు.

"మా కానిస్టేబుల్ అడిగినప్పుడు అలాంటి అబ్బాయే లేడన్నారట కదమ్మా. అప్పుడెందుకు అబద్ధం చెప్పారు?"

"నా కొడుకు కోసం అడిగినప్పుడు ఉన్నడన్న సారూ," అంది పెద్దవ్వ. "లోపట బువ్వ తింటుండు, కూసోండ్రి, అస్తడని చెప్పిన. బువ్వ తినుకుంటనే తీస్కపోయిండ్రు. గందుకే గీ పిలగాన్ని లేడన్న."

ఆమె గొంతు పెరగలేదు, ఏడవలేదు. ధర చెప్పినట్టు చెప్పింది. ఎస్సై చేతిలో కలం అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు మళ్లీ ఉన్నాడంటున్నారే?"

"ఉన్నడు సారూ. నా చేతి బువ్వ తిని పెరిగిండు. ఎవ్వల జోలికి పోడు. చదువు తప్ప ఇంకోటి ఎర్కలేదు. ఉన్నడంటె గీసారి మంచయితదని ఈ బిడ్డ చెప్తుంది. గందుకే చెప్పచ్చిన."

ఆయన కలానికి మూత పెట్టాడు. "మీరు చెప్పింది విన్నానమ్మా. కానీ మీ పేరు రాయను. రాస్తే పైన ఎవరో ఒకరు మీ అబ్బాయి సంగతి తీస్తారు. అప్పుడు ఈ అబ్బాయికే నష్టం."

"రాయకపోతె ఏంది సారూ? ఇన్నరు గద."

ఆ ఎస్సైకి కూడా నేను రుణపడి ఉన్నాను. ఆ కాలంలో ఆ కుర్చీలో కూర్చుని అంత ఓపికగా వినడం చిన్న సంగతి కాదు. ఆయనే స్వయంగా వాడకట్టుకు వచ్చాడు. పెద్దవ్వ తన గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా, "నిజం చెప్పుండ్రి, ఏం కాదు," అంది. ఇక ఒక్కొక్కరు మొదలుపెట్టారు.

"వాడు మా వాడే సారూ! మా మేకను రాయితోని కొట్టిండు చిన్నప్పుడు!"

"రేడియో ఇప్పి మల్ల బిగియ్యలేదు సారూ, గిప్పటికీ పలకది!"

"మంచోడు సారూ, ఆడోళ్లను చూస్తె తల వంచుకపోతడు!"

ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొన్న ఒక్కరికీ తెలీదు. ఇవాళ రేడియోతో సహా తెలుసా?"

ఒక బడిపంతులు, ఒక మగ్గాల యజమాని సాక్షులుగా సంతకాలు పెట్టారు.

తమ్ముడి కొలువు ఖాయమైంది. శిక్షణ అయ్యాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక కేంద్రానికి పంపారు. కంట్రోల్ రూములో కూర్చోవడానికి వాడికి ఏళ్లు పట్టింది. ముందు ప్లాంటులో ప్రతి పైపు వెంటా నడిచి, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తన చేత్తో బొమ్మ గీసి, పెద్దల ముందు నిలబడి అప్పజెప్పాలి. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడాలి. ఛాతీ మీద ఒక చిన్న బిళ్ల ఉంటుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తాకిందో దాన్ని పరీక్షించి చెబుతారు. "పెద్ద సంబురాలేం ఉండయక్కా. ఏమీ జరగని రోజే మాకు మంచి రోజు," అనేవాడు. వాడి ఇన్నేళ్ల కొలువులో అన్నీ అలాంటి మంచి రోజులే అయినందుకు నేను భగవంతుడికి ఎంత చెప్పుకున్నా తక్కువే.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు మా ఇంటి గడప కన్నా ముందు పెద్దవ్వ గడప తొక్కాడు. ఆమె వాడికి అన్నం పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. రియాక్టర్ గురించి గానీ బొంబాయి గురించి గానీ ఏమీ అడగలేదు.

"ఆడ గేటు కాడ నిన్ను మంచిగ లోపటికి రానిస్తుండ్రా కొడుకా?" అంది.

"రానిస్తుండ్రు పెద్దవ్వా."

"మల్ల బయటికి?"

"బయటికి గూడ పంపుతుండ్రు."

"గట్లయితె మంచిది. తిను."

పెద్దవ్వ ఇప్పుడు లేదు. తమ్ముడి ఫైలులో సంతకాలు పెట్టిన ఇద్దరి పేర్లు ఉంటాయి, ఎస్సై పేరు ఉంటుంది. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. తన కొడుకు పేరు మళ్లీ ఎవరూ తవ్వకూడదని ఆమె పోయేముందు నాతో అంది కాబట్టి నేనూ ఇక్కడ రాయడం లేదు. పేరు తెలియకపోయినా మనిషిని తలచుకోవచ్చు. ఉన్నాడన్నందుకు కొడుకును పోగొట్టుకుని, ఇంకొకరి కొడుకు కోసం అదే పోలీసుల గుమ్మం ఎక్కి ఉన్నాడని చెప్పిన ఆ తల్లిని, ఇది చదివినవారు మీ పూజలో, మీ నమాజులో, మీకు ఏది అలవాటైతే అందులో, ఒక్కసారి తలచుకోండి.