అమ్మిణి వద్దన్న దారి

కోతకు దిగితే అమ్మిణి నోరు మూతపడదు. నడుముదాకా ఉప్పునీళ్లు, కాళ్ల కింద జారే బురద, చేతిలో కొడవలి. అయినా పాట ఆపితే మాట, మాట ఆపితే నవ్వు. మా పొక్కాళి వరి మనిషి ఎత్తు పెరిగి, గాలికి నీళ్ల మీద వాలిపోతుంది. వెన్నులు మాత్రం కోసి పడవలో వేస్తారు. మిగిలిన గడ్డి నీళ్లలోనే కుళ్లి, ఆ తర్వాత ఆరు నెలలు పెంచే రొయ్యలకు మేత అవుతుంది. ఈ పని తెలిసిన ఆడవాళ్లు ఒకప్పుడు మా కోరత్తురుత్తు లంకలో ఇంటికిద్దరు ఉండేవాళ్లు. ఇప్పుడు చాలామంది వంతెన దాటి అవతలి అపార్టుమెంట్లలో ఇళ్లు ఊడవడానికి వెళ్తున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. అక్కడ కాళ్లు పాచిపోవు.

ఆ వంతెనే అమ్మిణి ఇంటిని మింగింది. కాలవ గట్టున పోరంబోకు స్థలంలో ఆమె కాపురం. పెళ్లయి వచ్చింది అక్కడికే, కొడుకు షిజును కన్నది అక్కడే, మొగుడు పోయిందీ అక్కడే. వంతెనకు దిగుడు రోడ్డు వేసినప్పుడు ఆ గట్టంతా పోయింది. తల్లీకొడుకులిద్దరూ మా ఇంటి ఎదురుగా రంగుల దుకాణం వెనక ఒక అద్దె గదిలోకి చేరారు. అందులో ఒకరు కాళ్లు చాపితే రెండోవారు ముడుచుకోవాలి. ఎవరైనా చూడవచ్చినా కూర్చోబెట్టే చోటు లేదు కనుక ఆమె చుట్టాలందరూ మా అరుగు మీదే కూర్చునేవారు. ఆమె విషయాలన్నీ నాకు తెలుసంటే కారణం అదే. నేను చెవులు రిక్కించి విన్నమాట కూడా నిజమే.

ఆమెకంటూ ఉన్నది ఒక్కటే: మామగారి కాలంలో ప్రభుత్వం పంచిన ఎనిమిది సెంట్ల నేల చెక్క. అది పొలం నడిమధ్యన ఉంది.

ఆ పొలం పొలంగా మిగిలిందంటే అందులో అమ్మిణి చెయ్యి ఉంది. కొన్నేళ్ల కిందట పంచాయతీ వాళ్లు వరి పొలాల జాబితా రాస్తున్నారు. జాబితాకెక్కిన నేలను పూడ్చకూడదు, అందులో మేడలు కట్టకూడదు. అప్పటికే నేల ధర ఎగబాకుతోంది. కొందరు ఆసాములు విత్తడం మానేసి, ఏడాది పొడుగునా రొయ్యలే పెంచుతూ, ఇక్కడ వరి ఎప్పుడో చచ్చిపోయిందని చెప్పడం మొదలుపెట్టారు. అమ్మిణి పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, తూములు తెరిపించి, వానలకు ఉప్పు కడిగిపోయాక మట్టి కుప్పలు చేసి విత్తేసింది. ఆసాములు తిట్టారు. కొందరు నవ్వారు. మొక్క లేచింది. పొలం జాబితాకెక్కింది. ఆ తర్వాత పంచాయతీలో పొలాల సంఘం ఒకటి పెడితే, రైతుల తరఫున ఆమెనే అందులో వేశారు.

అందుకే, అదే పొలంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కావాలని అడగాల్సి వచ్చేసరికి ఆమెకు మింగుడుపడలేదు. చట్టంలో దానికి చోటుంది. మరో జానెడు నేల లేనివాళ్లు చిన్న ఇల్లు వేసుకోవచ్చు. కాకపోతే పక్క చేల సాగుకూ నీటి పారుదలకూ అడ్డు కాదని సంఘం చెప్పాలి.

"నీ దరఖాస్తు నువ్వే తీసుకుని, నువ్వే కుదరదని చెప్పి పంపేస్తావా ఏమిటే?" అని ఆటపట్టించాను.

"ఆ రోజు నేను బయట కూచుంటా రోసిలి చేచ్చీ. లోపలుంటే నన్ను నేనే తిట్టుకోవాలి" అంది. వయసులో పెద్దదాన్నని నన్ను చేచ్చీ, అంటే అక్కా, అని పిలుస్తుంది.

షిజుకు అంత మొహమాటం లేదు. వాడు ఆటో నడుపుతాడు. ముప్ఫై దగ్గరపడుతున్నాయి. రెండు సంబంధాలు ఆ అద్దె గది చూసి వెనక్కి వెళ్లాయి. "ఊరి పొలం కాపాడిందిగా మా అమ్మ. ఇక కొడుకు సంగతి కూడా చూడమనండి" అని నాతో అనేవాడు, ఆమెకు వినపడేలా.

అలాంటి సమయంలో బేబిచ్చన్ మా అరుగు ఎక్కాడు. నేల కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలపడం అతని వ్యాపారం. అరవై దాటినా, తెల్ల ముండు పంచె మీద ముడత పడనివ్వడు. చేతిలో అరటికాయ చిప్స్ పొట్లం.

"అమ్మిణీ, నీ కష్టం విన్నాను. ఇంటికి మట్టి నాది. ఒక్క పైసా ఇవ్వద్దు. రోడ్డు దగ్గర్నించి నీ గుమ్మందాకా దారి కూడా నేనే పోయిస్తా. కాయితాలు మా కుర్రాళ్లు రాస్తారు. నువ్వు వేలు కదపక్కర్లేదు."

అమ్మిణి ఆ పొట్లం అందుకుని నా ఒళ్లో పెట్టింది. షిజు మొహం వెలిగిపోయింది. నాకు నోరు ఊరుకోదు కదా.

"దారి వెడల్పెంత బేబిచ్చా?"

"నాలుగు మీటర్లు చేచ్చీ."

"ఆవిడకు సైకిలు కూడా లేదు కదయ్యా."

"షిజుకు ఆటో ఉందిగా."

"ఒక్క ఆటోనేగా. రెండు పక్కపక్కన నడుపుతాడా?"

"రేపు ఏదైనా అయితే అంబులెన్సు రావద్దా చేచ్చీ? మనుషులం కదా."

"ఆవిడింకా కోతలకు వెళ్తోంది. నువ్వప్పుడే అంబులెన్సు ఎక్కించేస్తున్నావు!"

అందరితోపాటు బేబిచ్చన్ కూడా నవ్వాడు. అలా నవ్వగలడు కనుకే ఆ వ్యాపారంలో ఉన్నాడు. షిజు మాత్రం, "మీకు రోడ్డు మీద ఇల్లుంది అమ్మచ్చీ, మీరెన్నయినా అంటారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు మరి.

బేబిచ్చన్ కుర్రాళ్లు అమ్మిణి చేత సంతకం పెట్టించి, ఇల్లూ దారీ అడుగుతూ దరఖాస్తు ఇచ్చేశారు. నెల గడిచాక ఒకరోజు అతని డ్రైవరు రంగుల దుకాణం దగ్గర బండి ఆపుకుని కూర్చుంటే పిలిచి నల్ల టీ ఇచ్చాను. ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి పుట్టూ శనగలూ పెట్టాను. మీది ఏ ఊరు, పిల్లలెందరు, అంటూ మెల్లగా పొలం దాకా వచ్చాను. అమ్మిణి చెక్కకు అవతల, ఏటి ఒడ్డు వరకూ ఉన్న చేలకు బేబిచ్చన్ బయానా ఇచ్చేశాడట. ఏటికి ఎదురుగా విల్లాలట. వాటికి లేనిది ఒక్కటే: దారి. పేదరాలి ఇంటి పేరు మీద దారి పడితే, రెండు పక్కలా నీళ్లు నిలిచి చేలు పాడవుతాయి. పాడయ్యాక ఇక్కడ వరి పండదని ఎవరైనా రాసివ్వగలరు.

ఈ కబురు కడుపులో పెట్టుకుని పరుగున వెళ్లాను. అమ్మిణి గది వెనక గడప మీద కూర్చుని కరిమీన్ పొలుసు తీస్తోంది. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పిందంతా విని, చేప తిప్పి రెండోవైపు గీకింది.

"నాకు తెలుసు చేచ్చీ."

"తెలుసా! ఎప్పట్నించి?"

"ఆయన నాలుగు మీటర్లన్నప్పుడే. బేబిచ్చన్ మా కోసం మట్టి మోస్తాడా ఎక్కడైనా?"

"మరి నోరు విప్పవేం?"

"విప్పితే ఇల్లు పోతుందిగా." చెయ్యి ఆగింది. "నాకూ రోడ్డు మీద ఇల్లు కావాలని ఉండదా? మా వాడు ఆటో గుమ్మంలో ఆపి, అమ్మా టీ పెట్టు అంటుంటే వినాలని ఉండదా? నెల రోజులుగా చూడనట్టు నటిస్తున్నా. తెలియనట్టు ఊరుకుంటే అంతా దానంతటదే అయిపోతుందేమో అని. ఇప్పుడు మీరొచ్చి చెప్పేశారు. ఇంక తెలియదనడానికి వీల్లేదు."

నేను చేసిన పని మంచిదో చెడ్డదో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. "పోనీ తీసుకోవే. నువ్వు కాదంటే ఇంకొకరెవరో ఔనంటారు. పొలమంతా నువ్వొక్కదానివే మోస్తావా?" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె చేపను కడిగి గిన్నెలో వేసింది. తర్వాత అంది: "పొలం పూడ్చొద్దని చట్టం. ఇల్లు లేనిదాన్నని నాకోసం అందులో చిన్న సందు వదిలారు. అది నా ఒంటికి సరిపడే సందు చేచ్చీ. అందులోంచి లారీ దూరిస్తే, రేపు నాలాంటిది ఇంకొకతి వచ్చి అడిగితే ఏ మొహం పెట్టుకుని సంఘంలో కూచోను?"

సంఘం వాళ్లు పొలం చూడటానికి వచ్చిన రోజు మా తురుత్తు లంకలో సగం జనం గట్టు మీదే ఉన్నారు. వ్యవసాయ అధికారిణి సాజిత మేడం చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. పంచాయతీ ప్రెసిడెంటు గొడుగు కింద, బేబిచ్చన్ ఎవరి పెళ్లికో వచ్చినట్టు అందరినీ పలకరిస్తూ. నేను కూడా వెళ్లాను. ఎవరూ పిలవలేదు.

మేడం నక్షా విప్పింది. "ఇల్లూ, దారీ. రెండూ అడిగారు కదా అమ్మిణీ?"

"ఇల్లు ఒక్కటే మేడం. దారి కొట్టేయండి."

షిజు ముందుకు దూసుకొచ్చాడు.

"అమ్మా, నీకేమైనా పిచ్చా? రోడ్డు లేని ఇంటికి పిల్లనెవరిస్తారు? నేను జీవితమంతా ఈ బురద తొక్కుకుంటూ తిరగాలా?"

"గట్టు ఉందిగా. నేను నడవట్లేదా?"

"నువ్వు నడుస్తావు! నీకు నీళ్లే ఇష్టం. నన్నెప్పుడైనా అడిగావా?"

అమ్మిణి నక్షా వైపు తిరిగింది. కొడుకు మొహం వంక చూడకుండా మేడంతో, "ఇల్లు స్తంభాల మీద వేసుకుంటా. కింద నీళ్లు పారతాయి. మట్టి కూడా పోయక్కర్లేదు" అని చెప్పింది.

బేబిచ్చన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "దారి లేకుండా సిమెంటు ఎలా తెస్తావమ్మా? ముండు కొంగున కట్టుకుని తెస్తావా?"

"మా అత్తగారి కాలంలో ఈ తురుత్తుకు ఏమొచ్చినా పడవలోనే వచ్చింది బేబిచ్చా. పెళ్లికూతుళ్లు కూడా" అంది అమ్మిణి. ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. షిజు నవ్వలేదు. ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

అనుమతి రావడానికి చాలా నెలలు పట్టింది. పై ఆఫీసులో ఎవరికీ తొందర లేదు. వచ్చాక, పంచాయతీ ఇంటి పథకం డబ్బుతో పని మొదలైంది. పోటు వచ్చి కాలవ నిండినప్పుడు ఇసుకా ఇటుకలూ పడవల్లో పొలందాకా వచ్చేవి. కోతలో కలిసి దిగే ఆడవాళ్లు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందించేవారు. ఒక పడవ బోల్తాపడి సిమెంటు బస్తాలు నీళ్లపాలయ్యాయి. ఆ రోజు అమ్మిణి గట్టు మీద కూలబడి, "మా వాడన్నమాటే నిజమేమో చేచ్చీ" అంది. ఉడికిన కర్రపెండలం చేతిలో పెట్టాను. తిని, లేచింది.

ఇల్లంటే రెండు గదులు, ఒక వంటిల్లు. మెట్ల కింద నీళ్లు కదులుతుంటాయి. గృహప్రవేశానికి షిజు వచ్చాడు. పాయసం తాగాడు. తన సామాను మాత్రం అద్దె గదిలోనే ఉంచాడు.

ఆమె చేసింది గొప్ప పని అని మా ఊళ్లో అందరూ అనరు. వానలు ముదిరినప్పుడు గట్టు జారుతుంది. చీకటి పడితే పాములు. రేపు ఆమెకు కాలు పట్టేస్తే ఎవరు మోస్తారని నేనే ఎన్నోసార్లు అడిగాను. "అప్పుడు చూద్దాం" అంటుంది. చూసేందుకు అప్పుడేం మిగులుతుందో నాకు తెలియదు. బేబిచ్చన్ అవతలి చేలను వదిలేశాడు. వేరే తురుత్తులో వెతుక్కుంటున్నాడని విన్నాను. అక్కడ అమ్మిణి లాంటిది ఉందో లేదో.

షిజు కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. కిందటేడు కోతల కాలంలో గింజలు తడవకుండా పడవలు తోసే మనిషి దొరకలేదు. వాడే వచ్చి గెడ పట్టాడు. తల్లితో మాట్లాడకుండానే సాయంత్రందాకా తోశాడు. అలసిపోయి ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. తర్వాత వారానికొకసారి, తర్వాత వారానికి మూడుసార్లు. ఓనం వెళ్లేసరికి అద్దె గది తాళం ఇంటివాళ్లకు ఇచ్చేశాడు.

ఆటోను గట్టు మీద నడపలేడు కనుక మా వాకిట్లోనే పెడతాడు. అద్దె అడగను, వార్తలు వసూలు చేస్తాను. నిన్న పొద్దున మోకాళ్లదాకా బురదతో వచ్చి, మా కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను.

"ఏరా, అమ్మ మీద కోపం పోయిందా?"

"పోలేదు అమ్మచ్చీ" అన్నాడు, పైకి మడిచిన ప్యాంటు అంచులు దించుకుంటూ. "కానీ అక్కడ నిద్ర పడుతోంది."