గేటు మీద నాయక్

గద్వాలలో మాజీ సైనికుల సంఘంలో చేరిన రోజే, సుబేదార్‌గా దిగిపోయిన మా అధ్యక్షుడు నాకు క్లాసు పీకాడు. "ఇంటి ముందల ర్యాంకు రాస్కోకుంటే మనం సర్వీసు చేసినట్టు ఎవనికి తెలుస్తదయ్యా?" నాకు రోషం వచ్చింది. మర్నాడే గేటుకు బోర్డు పెట్టించాను. పేరు ఊరందరికీ తెలిసిందేనని, ఎర్ర అక్షరాలతో "నాయక్ (రిటైర్డ్)" అని మాత్రమే రాయించాను.

వారం తిరక్కుండా ఒక ముసలాయన తలపాగా సర్దుకుంటూ లోపలికొచ్చి, నాతో లంబాడీలో గలగలా మాట్లాడాడు. నేను తెల్లమొహం వేసేసరికి తెలుగులోకి దిగాడు.

"బోర్డు జూసి వచ్చిన. మీది ఏ తండా? మా మనుమరాలికి సంబంధం జూస్తున్నం. మీకు పెండ్లీడు పిలగాడున్నడా?"

వంటింట్లో మా ఆవిడ నవ్వాపుకోలేక దగ్గుతోంది. నాకు ఒళ్లు మండింది.

"మేం తండోళ్లం గాదు తాతా. అది మిల్ట్రీల ర్యాంకు. ముందు సిపాయి, తర్వాత లాన్స్ నాయక్, గప్పుడు నాయక్. చేతి మీద రెండు పట్టీలిస్తరు."

"గట్లనా? నాయక్ అయ్యేటందుకు ఎన్నేండ్లు పట్టింది?"

"పదేండ్లు దాటింది" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"అయ్యో బిడ్డా!" ఆయన జాలిగా చూశాడు. "మా ఇండ్లల్ల పుట్టంగనే నాయకే."

చాయ్ తాగి గేటు దాకా వెళ్లినవాడు, బోర్డు ముందు మళ్లీ ఆగాడు.

"అది సరే, గా రిటైర్డ్ ఏంది? మేం సచ్చేదాంక నాయక్‌లమే."