ఇద్దరి మధ్య పడే బంతి

ఈ సాయంత్రం జరిగింది, ఇంకా నవ్వు ఆగడం లేదు. శంషాబాద్‌లో మా బడి ఆడపిల్లలకు నేను వాలీబాల్ నేర్పుతాను. జట్టులో తొండుపల్లి అక్కాచెల్లెళ్లు సుగుణ, మంజుల పక్కపక్కనే ఆడతారు. బంతి ఇద్దరి మధ్యకు వస్తే చాలు, చెల్లి అక్కకు వదిలేస్తుంది, అక్క చెల్లికి వదిలేస్తుంది. బంతి నేల పాలు. తీసుకునేవాళ్లు ముందే "నాది" అని అరవాలని నెలంతా చెప్పాను. మంజులకు నోరు పెగల్లేదు. "అక్క ముంగట గట్ల ఎట్లంట సార్?" అనేది.

ఈ రోజు షాద్‌నగర్ పిల్లలతో ఆట. బంతి మళ్లీ సరిగ్గా ఇద్దరి మధ్యకే వచ్చింది. "నాది!" అని మంజుల గొంతు చించుకుంటూ అక్కను దాటి ముందుకు ఉరికింది. ఎంత చక్కగా లేపిందో! మావాళ్లు దాన్ని నెట్ దాటించారు. ఈలోగా మంజుల వెనక్కి తిరిగి, "ఏమనుకోకు అక్కా" అంటోంది. తిరిగొచ్చిన బంతి ఆమె వీపుకే తగిలి కింద పడింది.

తిడదామని నోరు తెరిచాను. సుగుణ చెల్లెలి వీపు దులుపుతూ, "ఏమనుకుంటనే పిచ్చిదానా! నువ్వు గట్టిగ అరువు, నేను నీ ఎనకనే ఉంట" అంది.

తెరిచిన నోటితోనే నవ్వేశాను. మీరైతే తిట్టగలిగేవారా?