తెడ్డుకు ఆనించిన చెవి

మా బావమరిదికి బుర్ర తక్కువని పెళ్ళైన మూడో రోజే కనిపెట్టినాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు వాడితో ఒకే బోటులో చేపలు పట్టినాను. వాడికి ఇంజిన్ తోలడం వచ్చు, నాకు జెల్లల్ని వినడం వచ్చు. ఇంజిన్ తోలడం ఒక విద్యా? చేయి ఉన్న ప్రతివాడూ తోలతాడు.

జెల్ల అంటే పొలుసు లేని చేప. మూతికి మీసాలు ఉంటాయి. వీపు మీద ఒకటి, పక్కల రెండు ముళ్ళు. గుచ్చుకుంటే ఎంత మగోడైనా అమ్మా అంటాడు. నెల్లూరు టౌనులో దాన్ని ముక్కలు చేసి ఇంకో పేరు చెప్పి పెట్టినా తినేస్తారు, వాళ్ళకేం తెలుసు. నీళ్ళ అడుగున గుంపుగా చేరినప్పుడు జెల్లలు గుర్రు గుర్రుమంటాయి. ఇంజిన్ ఆపి, తెడ్డును నిలువుగా నీళ్ళలోకి దించి, పైకొనకు చెవి ఆనిస్తే ఆ అరుపు కర్రలోంచి పైకి వస్తుంది. మా నాయన అట్టనే విన్నాడు. ఆయన తర్వాత నేను. మా బోటులో గాలాలు ఎక్కడ దించాలో చెప్పేది నేనే.

ఆ చెవే పోతూ వచ్చింది. ఒక్కసారిగా పోలేదు. ముందు దోమ పోయింది, తర్వాత కుక్కర్ కూత పోయింది, ఆ తర్వాత మెల్లగా మాట్లాడే మనుషులందరూ పోయినారు. అరవై దాటినాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దినాను. వేలిముద్ర వేయడం నామోషీగా ఉందని ఊరికి చెప్పినాను. అది అబద్ధం. టీవీలో వాళ్ళు నోళ్ళు ఆడిస్తా ఉంటే ఏం చెప్తున్నారో తెలీక, తెర కింద పరిగెత్తే అక్షరాల కోసం నేర్చుకున్నాను. బడిలో పంతులమ్మ మాట కూడా సగమే వినబడేది. అందుకే శ, ష, స తేడా ఇప్పటికీ తెలీదు. తెలుసుకునే ఉద్దేశమూ లేదు.

చెవి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవి లేనోణ్ణి బోటు ఎవరు ఎక్కించుకుంటారు? ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు కుడతా, దారిన పోయే ప్రతి ఆడమనిషినీ ఏం కూర వండినావని అడిగే ముసలోళ్ళు మా మైపాడులో కావలసినంత మంది ఉన్నారు. వాళ్ళలో ఇంకొకడిగా చేరడం కంటే జెల్ల ముల్లు మింగడం మేలు.

శివరాత్రి పోయిన వారానికి ఒక సాయంత్రం మా బావమరిది ఒక మిషను పట్టుకొచ్చినాడు. అరచెయ్యంత తెర, దానికొక వైరు, వైరు చివర సోరకాయంత ఉండ. నీళ్ళలో వదిలితే కింద చేపలుంటే తెర మీద చేప బొమ్మలు పడతాయంట.

"ఇంక నీ తెడ్డు పొయ్యిలో పెట్టుకో బావా," అన్నాడు. వాడి గొంతు చచ్చినోడికి కూడా వినబడుద్ది, అదొక్కటే వాడిలోని మంచిగుణం.

"ఉప్పుగాలికి నీ మిషను రెండు నెలలు బతికితే నా మీసం తీసేస్తా," అన్నాను.

సముద్రంలోకి పోయేసరికి పొద్దు ఊరి వెనక్కి దిగతా ఉంది. దక్షిణాన ముత్తుకూరు పక్క పొగగొట్టాలకు దీపాలు వెలిగినాయి. తెర నిండా చేపలే. పండక్కి ముగ్గేసినట్టు చేపలు. గాలాలకు ఎరగా కవలలనే చిన్న చేపల ముక్కలు గుచ్చి దించినాము. చుట్ట కాలేంతసేపు చూసి లాగితే ఒక పీతా, ఒక పాలిథిన్ కవరూ వచ్చినాయి. ఆ కవర్లో కూడా చేప లేదు. కడుపారా నవ్వినాను.

"సరే, నువ్వు విను మరి," అన్నాడు.

తెడ్డు దించి, చెవి ఆనించి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. వట్టి కర్ర. అయినా వింటున్న ముఖం పెట్టి, "ఇంకాస్త దక్షిణానికి పో," అన్నాను. పోనిచ్చినాడు. గాలాలు దించినాము. ఏమీ పడలేదు. "తూర్పుకు" అన్నాను. అక్కడా అంతే. మూడోసారి కూడా అడ్డం చెప్పకుండా పోనిచ్చినాడు. నా మాట మీద వాడికున్న ఆ నమ్మకం చూస్తే ఒళ్ళు మండింది.

మూడోసారీ ఉత్త గాలాలే పైకి వస్తే వాడు పగలబడి నవ్వినాడు. "జెల్ల పట్టమంటే జెల్ల కొడతావేంది బావా!"

వాడు సరసానికే అన్నాడు. కానీ నిజం అదే. ఏడాదిగా వాడికి జెల్ల కొడతానే ఉన్నాను. పాత జాగాలు గుర్తుపెట్టుకుని, విన్నట్టు నటించి, పడితే నా చెవి గొప్ప, పడకపోతే నీళ్ళ తప్పు అన్నాను. ఇంత బుర్ర తక్కువ వాణ్ణి మోసం చేయడంలో గొప్పేముంది?

ఈలోగా బోటు నీటివాలుకు ఇంకాస్త పక్కకు కొట్టుకుపోయింది. తెడ్డు వాడి ముందుకు తోసినాను. "ఇందా, నువ్వు విను."

"నేనా? నలభై ఏళ్ళలో ఒక్కసారైనా ముట్టుకోనిచ్చినావా?"

"ఇప్పుడు ఇచ్చినా గదరా. దవడ కాదు, చెవి వెనక ఎముక ఆనించు. నోరు మూసుకో."

వాడు నోరు మూసుకోవడం చూడటం అదే మొదటిసారి. కాసేపటికి కళ్ళు ఇంతింత చేసినాడు.

"బావా! కింద ఎవురో గురక పెడతాండారే!"

నలభై ఏళ్ళు నా మాట ఒక్కటీ వినని చెవికి జెల్లలు వినబడినాయి. అక్కడే గాలాలు దించినాము. తొమ్మిది పడినాయి. ఒక్కొక్కదాన్నీ బోటు చెక్కకు అదిమిపెట్టి కట్టెతో ముళ్ళు విరిచినాను. వాడు ఒక్కదాన్ని కూడా సరిగ్గా విరవలేకపోయినాడు.

ఒడ్డున నా భార్య గంపతో నిలబడి ఉంది. జెల్లలు చూసి, "మిషనుకు దొరికినాయా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"బావ విన్నాడక్కా," అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

వీడు నా మీద జాలి పడటమా! "నాకు వినబడలేదు. చెవి పోయింది. వీడే విన్నాడు," అని అందరికీ వినబడేట్టు చెప్పినాను.

ఆమె జెల్లల్ని గంపలోకి ఎత్తతానే, "మూడేళ్ళుగా నేను తిట్టే ప్రతి తిట్టుకూ సరే సరే అని తలాడిస్తా ఉండావు. నాకు తెలీదనుకున్నావా?" అని గట్టిగా అంది.

"రేపటి నుంచి ఇంజిన్ నువ్వు తోలు బావా, నేను వింటా," అన్నాడు వాడు.

"పెద్ద వినేవాడివి బయల్దేరినావు. గుంపు దగ్గరుందో దూరముందో ఎట్ట తెలుస్తుందో నీకు తెలుసా?"

"తెలీదు. నువ్వే చెప్పు."

మర్నాడు సాయంత్రం పోయి ఇంజిన్ పక్కన కూర్చున్నాను. మూడుసార్లు తాడు లాగినా అంటుకోలేదు. ముందు కూర్చున్నోడు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరిగి పళ్ళికిలించినాడు. ముందుకు చూడరా వెధవా అని అరిచి, నాలుగోసారి లాగినాను.